పక్కపక్క దేశములు: అమెరికా, కెనడా

రాత్రి రెండు గంటల వేళ శంషాబాదు విమానాశ్రయము ముంగిట నిలిచి చూచినవారికి అది రాత్రివలె తోచదు. పడమటి దేశములకు పోవు విమానములు పెక్కు అర్ధరాత్రి దాటిన పిమ్మట, తెల్లవారకముందే లేచిపోవును. అందుచేత ఆ వేళకు నల్లగొండనుండి, కరీంనగరమునుండి, ఖమ్మమునుండి, మహబూబునగరమునుండి బయలుదేరిన కుటుంబములు అక్కడికి చేరుకొనును. ప్రయాణించువారు ఒకరైన సాగనంపువారు పదిమంది. టిక్కెట్టు లేనివారికి లోపలికి ప్రవేశము లేదు గనుక వీడుకోలంతయు వాకిటనే జరిగిపోవును. తండ్రి పెట్టెల బరువును గూర్చి మరియొకమారు అడుగును. తల్లి పచ్చడి సీసా ఏ పెట్టెలో ఉన్నదో మరియొకమారు చెప్పును. అంతలో అద్దపు తలుపు తెరచుకొని, మూసికొనును.

ఇటీవల మేమును ఒక బంధువును సాగనంపుటకై అక్కడికి పోయియుంటిమి. మా ప్రక్కన నిలిచిన ఒక నడివయసు ఇల్లాలు మాతో మాట కలిపినది. ఆమె పెద్దకుమారుడు అమెరికాలోని డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడట. చిన్నవాడు ఆ రాత్రి కెనడాలోని టొరంటోకు చదువుకై పోవుచున్నాడు. "రెండూ పక్కపక్క దేశాలే గద సారూ! ఐతారం ఐతారం చిన్నోడు అన్న ఇంటికి పోయి ఇంత బువ్వ తినొస్తడు గద?" అని ఆమె మమ్ము అడిగినది. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. కాదనుటకు నోరు రాలేదు, ఔననుటకు మనసొప్పలేదు. అంతలో చిన్నవాడు లోపలికి పోవు వేళ అయినది. ఆమెకు ఆ రాత్రి చెప్పలేకపోయిన సమాధానమే ఈనాటి మా ప్రసంగము.

పటము విప్పి చూచినచో ఆమె మాట నిజమే. ఉత్తర అమెరికా ఖండమున ఈ రెండు దేశములు ఒకదాని తలవైపున మరియొకటి పరచిన రెండు జంపఖానములవలె ఉన్నవి. పైది కెనడా, క్రిందిది అమెరికా సంయుక్త రాష్ట్రములు. వాయవ్యమూలనున్న అలాస్కా మాత్రము అమెరికాదే అయినను కెనడాకు అవతల ఉన్నది. ఆ వైపు భాగముతో కలిపి ఈ రెండు దేశముల సరిహద్దు 8,891 కిలోమీటర్లు. రెండు దేశముల నడుమ ఇంత పొడవైన సరిహద్దు ప్రపంచములో మరియొకటి లేదు.

అయితే పటములోని బెత్తెడు దూరము నేలమీద ఎంతయగునో చూడవలెను. డల్లాసునుండి టొరంటోకు ఆకాశమార్గమున సుమారు 1,900 కిలోమీటర్లు. శంషాబాదునుండి కాశ్మీరములోని శ్రీనగరమునకు ఎంత దూరమో రమారమి అంత. శంషాబాదులోని తమ్ముడు శ్రీనగరములోని అన్న ఇంటికి ఆదివారము భోజనమునకు పోయి, సోమవారము పనివేళకు తిరిగిరాగలడా? ఎన్నడైన పండుగకు పోవచ్చునేమో గాని వారము వారము పోజాలడు.

కెనడా వైశాల్యము సుమారు 99 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు. అమెరికాది సుమారు 98 లక్షలు. మన భారతదేశమునకు 33 లక్షలకు కొంచెము లోపు. అనగా వీటిలో ఒక్కొక్కటి మన దేశమునకు మూడింతలు. జనసంఖ్య మాట వచ్చినపుడు మాత్రము ఇరుగుపొరుగులకు పోలిక లేదు. అమెరికాలో సుమారు 34 కోట్లమంది ఉండగా, కెనడాలో నాలుగు కోట్ల పైచిలుకు మాత్రమే ఉన్నారు. 2011 లెక్కలలో ఒక్క తెలంగాణపు జనమే మూడున్నర కోట్లు. తెలంగాణవంటి రాష్ట్రములు దాదాపు 89 పట్టునంతటి నేలపై తెలంగాణకంటె కొంచెము మించిన జనము నివసించుచున్నారన్న మాట. తెలంగాణలో చదరపు కిలోమీటరుకు 312 మంది, కెనడాలో నలుగురు. రెండును సంపన్నదేశములే, రెండింటికిని చదువు, యంత్రము, ధనము కలవు. మరి ఒకచోట జనము నిండుట, మరియొకచోట నేల వెలవెలబోవుట ఎందుచేతననిన, కారణము పాదముల క్రిందనున్న రాతిలో కనబడును.

నగరమునుండి విమానాశ్రయమునకు పోవువారు త్రోవకు ఇరుప్రక్కల గుండ్లు, బండలు చూచియే యుందురు. అవి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. మన దక్కను పీఠభూమికి ఇక్కడ అవియే పునాది. కెనడాకును ఇటువంటి పురాతన శిలయే పునాది. హడ్సను అఖాతము చుట్టును, దేశములో దాదాపు సగము మేర వ్యాపించియున్న ఆ శిలాభూమిని భూగోళ శాస్త్రజ్ఞులు కెనడా కవచమని పిలుతురు. వాయవ్యమున దొరకిన కొన్ని శిలల వయస్సు 400 కోట్ల సంవత్సరములు. మన బండకు ఆ బండకు వయస్సులో చుట్టరికము కలదు గాని వాటి రాత వేరు. మన బండను ఎండయు వానయు తరతరములుగా నలిపి ఎర్రని చెల్కనేలగా మార్చినవి. పల్లములకు కట్టలు వేసి పెద్దలు చెరువులు నిలిపిరి. కెనడా బండపై మంచు పేరుకొన్నది. సుమారు 20 వేల ఏండ్ల క్రిందట, కడపటి మంచుయుగము ముదిరిననాడు, ఆ మంచు కొన్ని తావులలో మూడు కిలోమీటర్ల మందము ఉండెను. అది మెల్లమెల్లగా దక్షిణమునకు జరుగుచు, బండపైనున్న మట్టిని గీకికొనిపోయి నేడు అమెరికాలో ఇల్లినాయ్, అయోవా అనబడు మైదానములలో పరచినది. ఉత్తరమున బండయు, లెక్కకు మించిన సరస్సులును, సూదిమొనల ఆకులు గల చెట్ల అడవియు మిగిలినవి. దక్షిణమున మొక్కజొన్న, సోయాచిక్కుడు విరగపండు నేల ఏర్పడినది. ఈ సరిహద్దును మనుష్యులకంటె ఎంతో ముందుగా మట్టి దాటినది.

అంతమాత్రమున కెనడా బీదనేల అనుకొనరాదు. మానిటోబా, సస్కాచివాన్, ఆల్బర్టా రాష్ట్రములలో గోధుమ సముద్రమువలె పరచుకొని యుండును. ఆల్బర్టా ఇసుకలో చమురు ఉన్నది. సడ్బరీ వద్ద కవచపు శిలలో నికెలు గనులు ఉన్నవి. కాని సాగులోనున్న నేల దేశములో నూటికి పది వంతులైనను లేదు. అందుచేత కెనడా ప్రజలలో మూడింట రెండు వంతులమంది దక్షిణపు సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపలనే నివసించుచున్నారు. మంచి ఇల్లు ఎంత విశాలముగా ఉన్నను చలికాలమున అందరును పొయ్యి దగ్గరకు జరిగి కూర్చుండునట్లు కూర్చున్నారు.

ఇక ఈ ఖండపు అమరిక చూడుడు. పడమట రాకీ పర్వతములు. తూర్పున, మన తూర్పు కనుమలవలె అరిగి పొట్టివైన అపలాచియన్ కొండలు. నడుమ మహా మైదానము. ఇవన్నియు ఉత్తర దక్షిణములుగా సాగినవి. మనుష్యులు గీసిన సరిహద్దు మాత్రము తూర్పు పడమరలుగా సాగినది. నేల ఒక వైపునకు, గీత మరియొక వైపునకు సాగుటయే ఈ ఇరుగుపొరుగుల కథకంతటికి మూలము.

మన దేశమునకు ఉత్తరమున హిమాలయములు అడ్డముగా నిలిచి మధ్య ఆసియా చలిగాలిని ఆపుచున్నవి. ఆ ఖండమున అట్టి అడ్డుగోడ లేదు. ధ్రువప్రాంతమున పుట్టిన చలిగాలి మైదానమున పడి, తలుపులేని వసారాలోనికి వచ్చినట్లు దక్షిణమున మెక్సికో సింధుశాఖ దాక దూసికొనివచ్చును. 2021 ఫిబ్రవరిలో డల్లాసు ఉన్న టెక్సాసు రాష్ట్రమున ఇదే జరిగినది. ఎండలకు అలవాటుపడిన ఆ రాష్ట్రము గడ్డకట్టినది; 45 లక్షల ఇండ్లకు పైగా విద్యుత్తు నిలిచిపోయినది; రెండు వందలమందికి పైగా మరణించిరి. అమెరికాలో ఉన్నవానికి చలి లేదు, కెనడాలో ఉన్నవానికే ఉన్నదని తలచుట సరి కాదు. దక్షిణమునుండి వచ్చు వెచ్చని తడిగాలి, ఉత్తరమునుండి వచ్చు పొడిగాలి ఈ మైదానముపైననే డీకొనును. అమెరికాలో ఏటేట వేయికి పైగా సుడిగాలులు పుట్టుటకు అది ఒక ముఖ్యకారణము.

ఉత్తరమనిన కెనడా, దక్షిణమనిన అమెరికా అని పటము మనకు నేర్పిన పాఠము కూడ అంతటను నిలువదు. తెలుగువారు పెక్కురున్న సియాటిల్ నగరము టొరంటోకంటె ఉత్తరమున ఉన్నది. డిట్రాయిట్ నగరమునుండి నది దాటి కెనడాలోని విండ్సరు పట్టణమునకు పోవువాడు దక్షిణమునకు పోవును!

ఈ గీత ఎట్లు ఏర్పడినదో సంగ్రహముగా చెప్పుకొందము. 1783లో అమెరికా స్వాతంత్ర్యమును బ్రిటను అంగీకరించినపుడు తూర్పు సరిహద్దు నిర్ణయమైనది. 1812లో ఇరువైపుల వారు యుద్ధమునకు దిగిరి. అది ముగిసిన తరువాత, 1817లో, మహాసరస్సులపై యుద్ధనౌకలను పరిమితము చేసికొనిరి. 1818లో 49వ అక్షాంశమును రాకీ పర్వతముల దాక సరిహద్దుగా ఒప్పుకొని, 1846లో దానిని పసిఫిక్ తీరము దాక పొడిగించిరి. 1867లో అమెరికా రష్యానుండి అలాస్కాను కొన్నది. అదే సంవత్సరము జులై 1వ తేదీన కెనడా సమాఖ్య ఏర్పడినది. అమెరికాలో ఖండము నడ్డగించి 1869లో రైలుమార్గము కలిసినది. కెనడాలో 1885లో కలిసినది. కెనడాకు ఆ రైలు వర్తకమునకు మాత్రమే గాక ప్రాణమునకును అవసరమయ్యెను. నేల ఉత్తర దక్షిణములుగా లాగుచుండగా, దేశమును తూర్పు పడమరలుగా కుట్టి నిలిపిన దారము అదియే.

గీత గీయుట తేలిక. నీరు గీతను ఎరుగదు. సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అను అయిదు మహాసరస్సులలో మిషిగన్ ఒక్కటియే పూర్తిగా అమెరికాలో ఉన్నది. తక్కిన నాలుగింటి నడుమనుండి సరిహద్దు పోవుచున్నది. భూతలముపైనున్న మంచినీటిలో ఇంచుమించు అయిదవ వంతు ఈ సరస్సులలో ఉన్నది. ఆ పరిమాణమును మన కొలతలో చెప్పుకొందము. 1908 మూసీ వరదల అనంతరము నగర రక్షణకై నిర్మించిన జలాశయములలో శంషాబాదు ప్రక్కనున్న హిమాయత్‌సాగరము ఒకటి. 1927లో పూర్తియైన ఆ జలాశయమున సుమారు 3 టి.ఎం.సి.ల నీరు పట్టును. ఒక్క సుపీరియర్ సరస్సులో నాలుగు లక్షల టి.ఎం.సి.లకు పైబడి నీరున్నది. లక్షకు మించిన హిమాయత్‌సాగరములు అందులో మునిగిపోవును.

ఇంతటి నీటిని ఇద్దరు పంచుకొనుట ఎట్లు? కృష్ణానది నీటికై రాష్ట్రముల నడుమ ఎన్ని న్యాయమండలులు కూర్చున్నవో మనకు తెలియును గనుక ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఈ రెండు దేశములు 1909లో సరిహద్దు జలముల ఒడంబడిక చేసికొని, ఒక సంయుక్త సంఘమును ఏర్పరచుకొన్నవి. అందులో సభ్యులు ఆరుగురు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఒక దేశపు జనము మరియొక దేశమునకు ఎనిమిదింతలున్నను ఆ బల్లవద్ద ఇరువురును సమానులే. నయాగరా జలపాతమునకై 1950లో మరియొక ఒడంబడిక జరిగినది. యాత్రికులు చూడవచ్చు కాలమున పగటివేళ లక్ష క్యూసెక్కులకు తగ్గకుండ నీరు జలపాతమునుండి దూకవలెను. రాత్రులందును, చలికాలమునను 50 వేల క్యూసెక్కులు చాలును. మిగిలినదానితో ఇరువురును విద్యుత్తు తీసికొనవచ్చును. మనము చిత్రములలో చూచి మురియు ఆ జలపాతము సహితము ఒక లెక్క ప్రకారము దూకుచున్నదని తెలిసినచో ఆశ్చర్యము కలుగును.

రెడ్ రివరు అను మరియొక నది అమెరికాలో పుట్టి ఉత్తరముగా కెనడాలోని విన్నిపెగ్ నగరమునకు ప్రవహించును. వసంతమున దక్షిణపు మంచు ముందుగా కరగును. ఉత్తరమున నది ఇంకను గడ్డకట్టియే యుండును. వచ్చిన నీటికి పోవుటకు త్రోవ లేక వరద కమ్ముకొనును. 1950లో విన్నిపెగ్ మునిగినది. ఆపైన ఆ నగరమువారు 47 కిలోమీటర్ల వరదకాలువ త్రవ్వి 1968లో ముగించిరి. 1997లో మహావరద వచ్చినపుడు ఎగువన అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణము మునిగిపోగా, దిగువన విన్నిపెగ్ ఆ కాలువ మూలమున బయటపడినది. ఇరుగింటి వాన పొరుగింటి వరదయగునని తెలిసినవారు కాలువ ముందుగానే త్రవ్వుకొందురు.

నేలను, నీటిని చూచితిమి. ఇక మనుష్యులను చూతము. ఈ రెండు దేశములకును తొలి గృహస్థులు ఆదిమజాతులవారు. అమెరికాలో 1830లో చేసిన ఒక చట్టముతో మిసిసిపీకి తూర్పుననున్న వారిని తమ నేలలనుండి పడమటికి తరిమిరి. కెనడాలో వారి పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి వసతి పాఠశాలలలో పెట్టి, మాతృభాషను మరపింపజూచిరి. అందుకు 2008లో ఆ ప్రభుత్వము క్షమాపణ చెప్పినది. 1999లో ఉత్తరమున ఇన్యూయిట్ ప్రజలు అధికసంఖ్యలోనున్న నునవుట్ అను ప్రదేశము ఏర్పడినది. అమెరికా దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలు నల్లజాతివారి బానిసత్వముపై నిలిచినవి. ఆ బానిసత్వము 1865లో రద్దయ్యెను. కెనడాలో క్విబెక్ రాష్ట్రము ఫ్రెంచివారిది. 1969 చట్టముతో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండును ఆ దేశపు అధికార భాషలయ్యెను. మాంట్రియల్ నగరమునకు పోవు మన విద్యార్థి ఇంగ్లీషు ఒక్కటియే వచ్చినచో చాలుననుకొని పోరాదు. అక్కడ బజారు బోర్డు మొదలు ఉద్యోగము దాక ఫ్రెంచి భాష ఎదురగును.

చిన్న జనసంఖ్యగల దేశము పెద్ద జనసంఖ్యగల దేశము ప్రక్కన కాపురముండుట తేలిక కాదు. 1969లో కెనడా ప్రధాని పియరీ ట్రూడో వాషింగ్టనులో మాట్లాడుచు, అమెరికా ప్రక్కన ఉండుటను ఏనుగు ప్రక్కన పడుకొనుటతో పోల్చెను. ఏనుగు ఎంత సాధువైనను దాని ప్రతి కదలికయు తెలియుచునే యుండునని ఆయన భావము. కెనడా ఎగుమతులలో నాలుగింట మూడు వంతులు చిరకాలముగా అమెరికాకే పోవుచుండెను. 2025లో అమెరికా సుంకములు పెంచినపుడు ఆ ఏనుగు కదలిక కెనడా కర్మాగారములలో తెలిసివచ్చినది.

మనవారి కథకు వత్తము. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 దశకపు తొలినాళ్ళలో ఓడలో బోస్టను చేరి, హార్వర్డులో చదివి, పిదప లెడర్లీ ప్రయోగశాలలో మహోపకారులైన మందులు కనుగొనుటకు మార్గదర్శకుడై, 1948లో అక్కడనే కన్నుమూసెను. ఆనాడు మనవారికి ఆ రెండు దేశముల తలుపులును దాదాపు మూసియే యుండెను. అమెరికా 1917లో ఆసియావాసుల రాకను నిషేధించినది. కెనడా 1914లో కొమగాట మారు ఓడలో వచ్చిన మనదేశీయులను వాంకూవరు రేవునుండి త్రిప్పి పంపినది. 1965లో అమెరికా, 1967లో కెనడా తమ చట్టములను మార్చినవి. నాటినుండి వైద్యులు, ఇంజనీర్లు పోసాగిరి. 1977లో పిట్స్‌బర్గులో వేంకటేశ్వరుని ఆలయము వెలసినది. తానా అను తెలుగువారి సంఘము తన పేరులోనే ఉత్తర అమెరికా అని పెట్టుకొన్నది. దాని తొలి సభ కూడ 1977లోనే జరిగినది.

కంప్యూటరు యుగము వచ్చిన పిమ్మట ఈ ప్రవాహము వరదయైనది. 2008 మార్చి 23న బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు మారినవి. అప్పటినుండి ఈ వీడుకోళ్ళకు ఇదియే రేవు. అమెరికా జనగణన శాఖ సేకరించిన లెక్కలనుబట్టి 2010, 2017 సంవత్సరముల నడుమ ఆ దేశమున ఇంట తెలుగు మాటలాడువారు 86 శాతము పెరిగిరి. హిమాయత్‌సాగరమునకు అల్లంత దూరమున, ఉస్మాన్‌సాగరపు ఒడ్డున ఉన్న చిలుకూరి స్వామిని ప్రజలు వీసా బాలాజీ అని పిలుచుట మీరెరుగుదురు. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణములు, తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుట అక్కడి ఆచారము.

మనవారు ఎక్కడ స్థిరపడిరో చూచినను భూగోళమే కనబడును. పసిఫిక్ తీరమున కాలిఫోర్నియా లోయలో కంప్యూటరు పరిశ్రమ పుట్టినది గనుక ఫ్రీమాంటు, సన్నీవేలు పట్టణములకు పోయిరి. న్యూయార్కు ప్రక్కన ఇండ్ల అద్దె కొంత తక్కువగనుక న్యూజెర్సీలోని ఎడిసను చేరిరి. డల్లాసు చుట్టును నేల సమతలము, ఇండ్లకు తావు విస్తారము. ఆ రాష్ట్రమున ఆదాయపు పన్ను లేదు. టెలిఫోను పరిశ్రమ మొదటినుండియు అక్కడ ఉన్నది. అందుచేత ఇర్వింగు, ఫ్రిస్కో పట్టణములలో తెలుగు వినబడుచున్నది. కెనడాలో మనవారు మహాసరస్సుల ఒడ్డుననే, టొరంటో, మిస్సిసాగా పరిసరములలోనే ఎక్కువగా కనబడుదురు. ఆ దేశపు పరిశ్రమ, చదువు, జనము అక్కడనే కూడియున్నవి గదా.

శాశ్వత నివాసము విషయమున రెండు ఇండ్ల పద్ధతులు వేరు. అమెరికా ఉద్యోగస్థులకిచ్చు శాశ్వత నివాసపత్రములలో ఏ ఒక్క దేశమువారికిని నూటికి ఏడింటికి మించరాదని సాధారణ నియమము. మనవారు లక్షలలో ఉన్నందున ఆ వరుస ఏండ్ల తరబడి కదలదు. కెనడా వయస్సు, చదువు, భాష, అనుభవము చూచి మార్కులు వేయును. దేశముననుసరించి అట్టి కట్టడి లేదు. అందుచేతనే ఒక ఇంటి పెద్దవాడు అమెరికాకు, చిన్నవాడు కెనడాకు పోవుట తరచుగా జరుగుచున్నది. అయితే ఆ తలుపును ఎల్లప్పుడు ఒకే తీరున తెరచియుండదు. 2024లో కెనడా విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించినది. 2025 సెప్టెంబరులో అమెరికా క్రొత్త హెచ్‌-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించినది. పొలము తాకట్టుపెట్టి పిల్లవానిని పంపదలచిన తండ్రి, నిరుడు పోయినవాని మాట విని కాక, ఈ నెలనాటి నియమము చూచి పంపవలెను.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నలోని కఠినభాగమునకు వత్తము. ఆ రెండు దేశముల పౌరులకు సరిహద్దు దాటుట సులభము. మన పిల్లలకు కాదు. కెనడాలో చదువుటకు అనుమతిపత్రము ఉన్నంతమాత్రమున భారతీయ విద్యార్థి అమెరికాలో అడుగు పెట్టజాలడు. దానికి వేరుగా అమెరికా వీసా కావలెను. అన్న తమ్ముని చూడబోయినను అంతే: అతనికి కెనడా అనుమతి వేరుగా ఉండవలెను. గీతకు కావలి కాయు సైన్యము కనబడదు; చాల చోట్ల కంచె కూడ లేదు. కంచె లేని చోట దారి ఉన్నదని నమ్మించు దళారులు కొందరున్నారు. 2022 జనవరి 19న మానిటోబాలో, సరిహద్దుకు కొలది మీటర్ల దూరమున, గుజరాతునుండి పోయిన ఒక కుటుంబము మంచులో గడ్డకట్టి మరణించినది. తండ్రి, తల్లి, 11 ఏండ్ల బాలిక, 3 ఏండ్ల బాలుడు. రాత్రివేళ, మంచుతుపానులో, కాలినడకన అమెరికాలోనికి దాటబోయిరి. గాలితో కలిసి చలి సున్నకు 35 డిగ్రీల దిగువనున్న రాత్రి అది. ధ్రువపు గాలికి ఆ మైదానమున అడ్డుగోడ లేదని ఇంతకు ముందు చెప్పుకొంటిమి. బడిలో చదివి మరచిపోవు పాఠమువలె తోచు ఆ మాట ఎరుగకపోవుట ఎంత ఖరీదైనదో ఈ నాలుగు ప్రాణములు చెప్పుచున్నవి.

కనుక శ్రోతలకు మా మనవి ఒక్కటి. మీ ఇంటినుండి ఒకరు ఆ దేశములకు పోయినచో, ఆ ఖండపు పటము ఒకటి గోడకు తగిలింపుడు. పిల్లవాని ఊరు ఏ సరస్సు ఒడ్డుననున్నది, ఏ గాలి మార్గమున ఉన్నది, చలికాలము ఎన్ని నెలలు, పక్క ఊరు ఎంత దూరము అని అతనిని అడుగుడు. జీతమెంతయని అడుగుటకంటె ఈ ప్రశ్నలకు పిల్లలు ఎక్కువ సంతోషముతో బదులు చెప్పుదురు. మీరు తమ నేలను ఊహించుకొనుచున్నారని వారికి తెలియును.

ఆ తల్లికి మా సమాధానము ఇది. అమ్మా, మీ చిన్నవాడు ప్రతి ఆదివారము అన్న ఇంట భోజనము చేయలేడు. వారి నడుమ శ్రీనగరమంత దూరమున్నది, వీసా అను తలుపొకటి ఉన్నది. కాని వారి గడియారముల నడుమ తేడా ఒక్క గంటయే. వేసవిలో ఇక్కడ ఆదివారము రాత్రి ఎనిమిది గంటలైనపుడు టొరంటోలో అదే ఆదివారము ఉదయము పదిన్నర, డల్లాసులో తొమ్మిదిన్నర. చలికాలమున అక్కడివారు గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు గనుక, మీ ఎనిమిదింటికి అక్కడ తొమ్మిదిన్నర, ఎనిమిదిన్నర అగును. మీరు రాత్రి బువ్వకు కూర్చుండు వేళకు పిల్లలిద్దరును సెలవుదినపు ఫలహారమునకు కూర్చుండవచ్చును. ఆ వేళకు ముగ్గురును టెలిఫోను ముందు పెట్టుకొనుడు. మూడు విస్తళ్ళు మూడు చోట్ల ఉండును గాని పంక్తి ఒక్కటియే.